కళాశాల ఫీజు మినహాయింపు: అర్హత, కొనసాగింపు నిబంధనలు

కళాశాలలో చేరిన విద్యార్థి బోధన రుసుమును పూర్తిగా గాని, కొంత గాని కట్టనవసరం లేకుండా ప్రభుత్వమో విద్యాసంస్థో కల్పించే వెసులుబాటును ఫీజు మినహాయింపు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి బాగా తెలిసిన రూపం ఫీజు రీయింబర్స్‌మెంట్. ఈ వెసులుబాటు సీటుతో పాటు ఒక్కసారి వచ్చి కోర్సు ముగిసేదాకా ఉండిపోయేది కాదు. ఏటా దరఖాస్తు చేసుకోవాలి, ఏటా ఆదాయం, హాజరు, పై తరగతికి వెళ్లిన సంగతి రుజువు కావాలి. మొదటి ఏడాది అర్హత పొందిన విద్యార్థి మూడో ఏడాదిలో దాన్ని కోల్పోతే అతని కుటుంబం పేదరికం నుంచి బయటపడిందని అనుకోనక్కర్లేదు. హాజరు నాలుగు రోజులు తగ్గడం, రెన్యువల్ గడువు దాటిపోవడం, ఆధార్‌లో పేరు సరిపోలకపోవడం వంటి చిన్న కారణాలు చాలు. అందుకే అర్హత సంపాదించే నిబంధనలతో సమానంగా దాన్ని నిలుపుకొనే నిబంధనలనూ విద్యార్థి తెలుసుకోవాలి.

రకాలు

వాడుకలో అన్నింటినీ కలిపి ‘ఫీజు మాఫీ’ అన్నా, వీటిలో మూడు రకాలున్నాయి.

మొదటిది నేరుగా మాఫీ. సంస్థే తన రుసుమును వదులుకుంటుంది. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఉన్నది ఈ పద్ధతి.

రెండోది తిరిగి చెల్లింపు. కళాశాల ఫీజు అలాగే ఉంటుంది, విద్యార్థి తరఫున ప్రభుత్వం కడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రైవేటు ఇంజినీరింగ్, ఫార్మసీ, డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలల్లో నడుస్తున్నది ఇదే. దీన్ని అధికారికంగా ఆర్‌టీఎఫ్ (రీయింబర్స్‌మెంట్ ఆఫ్ ట్యూషన్ ఫీ) అంటారు. భోజన, వసతి ఖర్చులకు విద్యార్థికి ఇచ్చేది ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీ). కళాశాలల్లో ఈ రెండు పొట్టి పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి.

మూడోది సూపర్‌న్యూమరరీ సీట్ల పద్ధతి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి పథకం కింద మంజూరైన సీట్లకు అదనంగా 5 శాతం సీట్లను బోధన రుసుము లేకుండా ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండాలి. బోధన రుసుము తప్ప మిగతా ఫీజులు కట్టాల్సిందే. ఈ సీటులో చేరినవారికి మధ్యలో కళాశాల గాని, కోర్సు గాని మారే వీలు లేదు.

మొదటి రకంలో విద్యార్థికీ సంస్థకూ మధ్య మూడో మనిషి ఉండడు. రెండో రకంలో సంక్షేమ శాఖ, ఖజానా, బ్యాంకు కూడా ఉంటాయి. నిబంధనలూ చిక్కులూ ఎక్కువగా ఉన్నది అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో సింహభాగం దానికే.

చరిత్ర

పదో తరగతి దాటిన షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఉపకార వేతనం ఇచ్చే పథకం 1944లో మొదలైంది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌గా పేరుపడిన ఆ పథకమే నేటి ఫీజు చెల్లింపులకు మూలం. హాజరు, నడవడిక, పురోగతి బాగుంటేనే ఉపకార వేతనం కొనసాగుతుందన్న సూత్రం ఆ మార్గదర్శకాల నుంచే వచ్చింది.

ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజును ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దారి చూపింది. దాని ప్రకారం రాష్ట్రాల్లో విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఫీజుల కమిటీలు ఏర్పడ్డాయి. ప్రభుత్వం చెల్లించే మొత్తానికి ఈ కమిటీలు ఖరారు చేసే ఫీజే ఆధారమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వెనుకబడిన తరగతుల విద్యార్థులకు కూడా పూర్తి ఫీజు చెల్లింపును వర్తింపజేసింది. ఆ తర్వాత ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలకూ (ఈబీసీ) విస్తరించింది. ఇంట్లో ఎవరూ కళాశాల గడప తొక్కని కుటుంబాల పిల్లలు వేల సంఖ్యలో ఇంజినీరింగ్‌లో చేరారు. ఖజానాపై భారం కూడా పెరిగింది. 2012లో ప్రభుత్వం ఇంజినీరింగ్‌లో తాను కట్టే ఫీజుకు 35,000 రూపాయల పరిమితి పెట్టింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు కొనసాగింది. బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి మాత్రం పరిమితి లేదు.

రాష్ట్ర విభజన తర్వాత దారులు వేరయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2014 జులైలో ‘ఫాస్ట్’ పేరుతో, 1956 నాటి స్థానికత ప్రాతిపదికగా కొత్త పథకం ప్రకటించింది. హైకోర్టు అభ్యంతరం చెప్పడంతో 2015లో దాన్ని విరమించుకొని, రాజ్యాంగంలోని 371-డి అధికరణం ప్రకారం స్థానికతను లెక్కించే పాత పద్ధతికి వచ్చింది. 35,000 పరిమితి, 10,000 ర్యాంకు నిబంధన అక్కడ కొనసాగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 30న వెలువడిన 115వ నంబరు ఉత్తర్వుతో ‘జగనన్న విద్యాదీవెన’ పేరిట మళ్లీ పూర్తి ఫీజు చెల్లింపు వచ్చింది. భోజన, వసతి ఖర్చులకు ఇచ్చే ‘వసతి దీవెన’ను 2020 ఫిబ్రవరిలో విజయనగరంలో ప్రారంభించారు. 2024లో ప్రభుత్వం మారాక ఈ రెండు పథకాలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అన్న పాత పేర్లు తిరిగి వచ్చాయి.

తొలి అర్హత

కొనసాగింపు నిబంధనలు అర్థం కావాలంటే ముందు అర్హతకు ఆధారమైన మూడు విషయాలు తెలియాలి: ఆదాయం, సీటు వచ్చిన దారి, ఇంతకుముందు చదివిన కోర్సు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థుల విషయంలో గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. రెండు లక్షలంటే నెలకు 16,600 రూపాయల పైచిలుకు. నగరంలో సెక్యూరిటీ గార్డుగా పనిచేసే తండ్రి ఓవర్‌టైం చేస్తే ఈ గీత దాటిపోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఉత్తర్వు అన్ని వర్గాలకూ ఒకే పరిమితిగా 2.5 లక్షలు నిర్ణయించింది. దానికి తోడు కుటుంబ ఆస్తిపాస్తులనూ చూసింది. మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పారిశుధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఉంది. సొంత కారు ఉండకూడదు. బతుకుతెరువుకు నడిపే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే ఇబ్బంది లేదు.

సీటు వచ్చిన దారి కూడా ముఖ్యమే. కన్వీనర్ కోటాలో చేరినవారికే ఫీజు వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, ఎన్‌ఆర్‌ఐ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య దీని కిందికి రావు. ఖాళీగా మిగిలిన సీటులో స్పాట్ అడ్మిషన్‌తో చేరి, రెండో ఏడాదికైనా ఫీజు వస్తుందిలే అనుకొనే విద్యార్థులు కొందరుంటారు. రాదు. చేరిన దారి కోర్సు చివరిదాకా మారదు.

ఒకే స్థాయిలో రెండో కోర్సుకూ మినహాయింపు లేదు. బీఏ పూర్తిచేసి మళ్లీ బీఎస్సీలో చేరితే ఫీజు రాదు. ఒక వృత్తివిద్య ముగించి మరో వృత్తివిద్యకు, ఉదాహరణకు బీఈడీ తర్వాత ఎల్‌ఎల్‌బీకి, కేంద్ర మార్గదర్శకాలు అంగీకరించవు. పాలిటెక్నిక్ డిప్లొమా ముగించి ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడం పై మెట్టు ఎక్కడమే కాబట్టి దానికి అడ్డులేదు.

కొనసాగింపు నిబంధనలు

*హాజరు.* కనీసం 75 శాతం హాజరు ఉండాలన్నది రెండు రాష్ట్రాల్లోనూ మూల నిబంధన. లెక్క వేసి చూస్తే ఇది ఎంత ఇరుకైన దారో తెలుస్తుంది. సెమిస్టర్‌లో 90 పనిదినాలుంటే 75 శాతం అంటే 67.5 రోజులు, అంటే 68 రోజులు తరగతిలో ఉండాలి. మానడానికి మిగిలేది 22 రోజులు. చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినవారు చేరేసరికే పది రోజుల తరగతులు అయిపోతే, ఆ రోజులకు హాజరు ఇవ్వకపోతే, మిగిలేది 12. ఒక విషజ్వరానికి వారం పోతుంది. మిగిలిన ఐదు రోజుల్లోనే సంక్రాంతికి ఊరు వెళ్లిరావడం, అక్క పెళ్లి, పత్తితీతకు కూలీలు దొరకని రోజు ఇంటికి సాయం అన్నీ ఇమడాలి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయాల్లో హాజరు 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే వైద్య ధ్రువపత్రం చూపి, రుసుము కట్టి పరీక్ష రాసుకోవచ్చు. దీన్నే కండొనేషన్ అంటారు. అది పరీక్షకు విశ్వవిద్యాలయం ఇచ్చే సడలింపు. ఫీజు పథకానికి అది తనంతట తాను వర్తించదు. పరీక్ష రాయనిచ్చారు కదా, ఫీజుకూ ఇబ్బంది లేదు అనుకోవడం ప్రమాదం. హాజరు 75కు తగ్గిన విద్యార్థి కండొనేషన్ కట్టిన రోజే తన ఫీజు సంగతీ కళాశాల కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి.

*పై తరగతికి వెళ్లడం.* రెన్యువల్ అంటే కిందటి ఏడాది ఇచ్చిన మంజూరును పై ఏడాదికి పొడిగించడం. కాబట్టి విద్యార్థి పై ఏడాదికి ప్రమోట్ కావాలి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నంత మాత్రాన అర్హత పోదు. కేంద్ర మార్గదర్శకాలు ఈ సంగతిని సూటిగా చెప్పాయి: కింది తరగతి పేపర్లు మిగిలి ఉన్నా విశ్వవిద్యాలయ నియమాల ప్రకారం పై తరగతికి పంపితే, ఆ పై తరగతికి ఉపకార వేతనం ఇవ్వాలి. డిటెయిన్ అయితే, అంటే పై తరగతికి పంపకుండా ఆపేస్తే మాత్రం కథ వేరు. అదే ఏడాది మళ్లీ చదివే కాలానికి రెండోసారి ఫీజు సాధారణంగా రాదు. తిరిగి ప్రమోట్ అయ్యాక కొనసాగింపు కోరవచ్చు.

*ఏటా దరఖాస్తు.* తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టళ్ల ద్వారా ఇది జరుగుతుంది. తొలి ఏడాది ‘ఫ్రెష్’, తర్వాతి ఏళ్లు ‘రెన్యువల్’. కళాశాల వివరాలు సరిచూస్తుంది. విద్యార్థి వేలిముద్ర తీసుకుంటారు. హార్డ్‌కాపీతో ఆదాయ, కుల ధ్రువపత్రాలు, బోనఫైడ్, మార్కుల మెమో జతచేస్తారు. సంక్షేమ శాఖ అధికారి ఆమోదించాక బిల్లు ఖజానాకు వెళ్తుంది. ‘సాంక్షన్ అయింది’ అంటే డబ్బు వచ్చిందని కాదు. ‘టోకెన్ పడింది’ అంటే బిల్లు వరుసలో నిలబడిందని అర్థం. డబ్బు కళాశాల ఖాతాకు చేరినప్పుడే ఆ ఏడాది లెక్క తీరినట్టు.

*కళాశాల, కోర్సు మార్పు.* ముందస్తు అనుమతి లేకుండా సంస్థ గాని, కోర్సు గాని మారితే మంజూరు రద్దుకావచ్చు. ఏడాది మధ్యలో చదువు మానేసినవారి నుంచి ఇచ్చిన సొమ్ము వెనక్కి అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంది.

*రెండో ఉపకార వేతనం.* ఒకేసారి రెండు స్కాలర్‌షిప్‌లు పొందకూడదు. మరొకటి వస్తే ఏది లాభమో చూసుకొని ఒకటి ఎంచుకునే హక్కు విద్యార్థిది.

*నడవడిక, నిజాయితీ.* దుష్ప్రవర్తన, చదువులో తన తప్పువల్ల వెనకబడటం వంటి కారణాలు చూపి సంస్థ అధిపతి నివేదిస్తే స్కాలర్‌షిప్ ఆపవచ్చు. తప్పుడు ఆదాయపత్రం పెట్టినట్టు తేలితే మంజూరు రద్దవుతుంది, సొమ్ము వసూలు చేస్తారు, ఇక మీదట ఏ పథకానికీ దరఖాస్తు చేసుకోకుండా పేరును నిషేధ జాబితాలో పెడతారు.

విద్యార్థి పక్షాన ఉన్న నిబంధనలు

నిబంధనలంటే తీసేసేవే అనుకుంటాం. కాపాడేవీ వాటిలోనే ఉన్నాయి. నోటీసు బోర్డు మీద 75 శాతం సంగతి పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది గాని, వీటి ఊసు కనిపించడం అరుదు.

జబ్బుచేసి, లేదా ఊహించని ఆపద వచ్చి వార్షిక పరీక్ష రాయలేకపోతే, వైద్య ధ్రువపత్రంతో పాటు ‘పరీక్ష రాసి ఉంటే ఉత్తీర్ణత పొందేవాడు’ అని సంస్థ అధిపతి ఇచ్చే పత్రం ఆధారంగా మరుసటి ఏడాదికి కొనసాగించవచ్చని కేంద్ర పథకం చాలాకాలంగా చెబుతూ వచ్చింది. వైద్యం, ఇంజినీరింగ్ వంటి మొదటి శ్రేణి కోర్సుల్లో మొదటిసారి తప్పినా కొనసాగించే వెసులుబాటు అదే పథకంలో ఉండేది. రెండోసారి తప్పితేనే పై తరగతికి వెళ్లేదాకా సొంత ఖర్చు.

ఆదాయం లెక్కలోనూ మేలు చేసే వాక్యం ఉంది. తల్లిదండ్రుల్లో ఎవరు బతికి ఉన్నా వారి ఆదాయాన్నే లెక్కించాలి, సంపాదించే అన్నదమ్ముల ఆదాయాన్ని కలపకూడదని కేంద్ర మార్గదర్శకాలు పేర్కొన్నాయి. పెళ్లయి ఉద్యోగం లేని విద్యార్థిని విషయంలో భర్త ఆదాయాన్ని చూస్తారు. కుటుంబాన్నంతా ఒక యూనిట్‌గా చూసే రాష్ట్ర పథకంలో మాత్రం అన్న ఉద్యోగంలో చేరి పన్ను రిటర్న్ వేయడం చెల్లెలి ఫీజుకు అడ్డు కావచ్చు. ఏ నిబంధన తనకు వర్తిస్తుందో తెలియాలంటే తన దరఖాస్తు ఏ పథకం కిందికి వస్తుందో ముందు చూసుకోవాలి.

చిన్న తప్పులు, పెద్ద నష్టాలు

అర్హత ఉండీ ఫీజు ఆగిపోయిన సందర్భాలను దగ్గరగా చూస్తే తరచూ కనిపించేది పేరు తేడా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పేరుకు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఒక్కోసారి పేరు తర్వాత ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో మూడో రకంగా ఉంటుంది. మనిషి చూస్తే ముగ్గురూ ఒకరేనని క్షణంలో చెబుతాడు. కంప్యూటర్ ఒప్పుకోదు. పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ దిద్దించుకోవడం ఇంటర్‌లో ఉండగానే చేయవలసిన పని.

రెండోది వేలిముద్ర. మిరప తోటల్లో, ఇటుక బట్టీల దగ్గర, బట్టలు ఉతికే చోట సెలవుల్లో పనిచేసి వచ్చిన పిల్లల వేళ్లపై గీతలు అరిగిపోయి యంత్రం పట్టకపోవడం కొత్త కాదు. ఫీజు అవసరం ఎక్కువగా ఉన్న పిల్లలే ఈ యంత్రం ముందు ఎక్కువసేపు నిలబడవలసి రావడం బాధాకరం. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలను తాజాగా నమోదు చేయించుకుంటే చాలావరకు తీరుతుంది.

మూడోది ఆదాయ ధ్రువపత్రం గడువు. మీసేవలో తీసుకున్న పాత పత్రమే చాలనుకొని చివరి వారం దాకా ఆగితే, కొత్తది వచ్చేలోపు పోర్టల్ మూతపడవచ్చు.

బకాయిలు, ధ్రువపత్రాలు

విద్యార్థి అన్ని నియమాలూ పాటించినా ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యం కావచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారినా బకాయిల సమస్య మారలేదు. అలాంటప్పుడు కొన్ని కళాశాలలు ఫీజు ముందు కట్టమంటాయి, కోర్సు ముగిశాక టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతాయి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడిన పిల్లవాడి కోసం తండ్రి వడ్డీకి తెచ్చి కట్టిన ఉదంతాలు ఊరూరా వినిపిస్తాయి.

ప్రభుత్వం సొమ్మును ఎవరి ఖాతాలో వేయాలన్నదీ వివాదమే. విద్యాదీవెన కాలంలో త్రైమాసికానికోసారి తల్లుల ఖాతాల్లో జమచేసి, వారే కళాశాలకు కట్టే పద్ధతి పెట్టారు. పిల్లల చదువుపై తల్లికి అడిగే హక్కు వస్తుందన్నది దాని ఉద్దేశం. తల్లి కట్టని సొమ్ముకు కళాశాలలు విద్యార్థిని బాధ్యుణ్ని చేయడం దానివల్ల వచ్చిన చిక్కు. 2024లో వచ్చిన ప్రభుత్వం తిరిగి కళాశాలల ఖాతాలకే వేసే పద్ధతికి మొగ్గింది.

ధ్రువపత్రాల విషయంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో స్పష్టమైన ఆదేశం ఇచ్చింది. ప్రవేశం వేళ ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, వాటిని అట్టిపెట్టుకోకూడదు. ప్రభుత్వ బాకీకి విద్యార్థి మార్కుల మెమో తాకట్టు కాదు.

పీజీ కోర్సులు

పై చదువుల్లో మినహాయింపు ఎంత తేలిగ్గా పోతుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపింది. 2020 డిసెంబరు 25 నాటి 77వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేసేవారికి 2020-21 నుంచి ఫీజు చెల్లింపు నిలిపివేశారు. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు అలాగే ఉంచారు. దాంతో ఒకే కోర్సు, ఒకే ఆదాయం ఉన్న ఇద్దరు విద్యార్థుల మధ్య కళాశాల గేటును బట్టి తేడా వచ్చింది. విద్యార్థి సంఘాలు దీని రద్దు కోసం ఏళ్ల తరబడి ఆందోళన చేశాయి.

జాతీయ సంస్థల్లో, విదేశాల్లో

ఐఐటీల్లో బీటెక్ బోధన రుసుమును 2016లో ఏడాదికి 90,000 నుంచి 2 లక్షల రూపాయలకు పెంచినప్పుడు మినహాయింపులూ విస్తరించాయి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తి మాఫీ. ఇతర వర్గాల్లో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతుల మాఫీ. వరంగల్‌తో సహా ఎన్‌ఐటీల్లోనూ ఇదే తీరు. మాఫీ బోధన రుసుముకే. హాస్టల్, మెస్ ఖర్చులు విడిగా ఉంటాయి.

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ చేసే తెలుగు విద్యార్థులకు తెలిసిన ‘ట్యూషన్ వేవర్’ ఇందుకు భిన్నం. అది పేదరికం చూసి ఇచ్చేది కాదు, బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా చేసే పనికి జతగా వస్తుంది. పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉండటం, గ్రేడ్ సగటు సాధారణంగా 3.0కు తగ్గకపోవడం, సహాయకుడి పని కొనసాగడం దానికి షరతులు. ఆ పని పోతే వేవర్ కూడా పోతుంది.

మూల్యాంకనం

ప్రజల సొమ్ముతో చదివే చదువుకు షరతులు ఉండటం న్యాయమే. తరగతికి రాని పేర్లకు ఫీజు చెల్లిస్తే, వచ్చే పిల్లలకే నష్టం. అయితే 75 శాతం గీతకు రెండు వైపులా ఉన్నవారు ఎప్పుడూ శ్రద్ధగలవారు, అశ్రద్ధపరులు అని చెప్పలేం. బస్సు సౌకర్యం లేని ఊరివాడు, పంటకాలంలో ఇంటికి చేతులు కావలసినవాడు ఆ గీత కింద పడే అవకాశం ఎక్కువ. అలాంటివారి కోసమే జబ్బుకు, ఆపదకు, మొదటి వైఫల్యానికి నియమాల్లో మినహాయింపులు రాశారు. హాజరు షరతును తెలిపే నోటీసు బోర్డు మీదనే, అంతే పెద్ద తెలుగు అక్షరాల్లో, ఈ మినహాయింపులను కూడా రాసి పెట్టడానికి కళాశాలకు ఒక కాగితం ఖర్చవుతుంది. ఆస్పత్రిలో వారం గడిపి వచ్చిన విద్యార్థి దాన్ని చదివితే డిశ్చార్జి కాగితం పారేయకుండా దాచుకుంటాడు, గడువులోపు కార్యాలయంలో ఇస్తాడు.